తాళం మీదే తాళంచెవి

“పదింటికి మా ఆఫీసు సర్వర్ తనిఖీ అమ్మా. ఈసారి తప్పు దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే సర్వర్ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డును ఎవరికీ అర్థంకాని గజిబిజిగా మార్చేశా.”

“మరి సర్వర్‌కెలా అర్థమవుతుందిరా?”

“ఆ గజిబిజిని విప్పే తాళంచెవి కింది లైన్లోనే రాశాగా!”

అమ్మ బఠాణీలు ఒలవడం ఆపింది. “నాన్నకి షుగరని చాక్లెట్ల డబ్బాకి తాళం వేసి, చెవి దానిమీదే పెట్టానని పొద్దున నన్నెంత ఎగతాళి చేశావు?”

కొడుకు నాలుక కరుచుకున్నాడు. గబగబా ఆ లైను తీసి, సర్వర్ ఒక్కటే చదవగలిగే వేరే చోట పెట్టి, లాప్‌టాప్ మూశాడు.

“నువ్వూ మార్చమ్మా ఆ చెవిని.”

“ఎప్పుడో మార్చా. మిమ్మల్నే నమ్మానని చెప్పి నాన్నకే ఇచ్చా. పాపం, డబ్బా వైపైనా చూడట్లేదు.”

పక్కగదిలో చాక్లెట్ కాగితం గరగరలాడింది.

కొడుకు కంగారుగా లాప్‌టాప్ మళ్లీ తెరిచాడు, తన తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాడో చూసుకోవడానికి.