ముట్టుకున్న గుర్రం

గుంటూరులో అన్నం ఎప్పుడు దించాలో కూడా ఇప్పుడు చెవిలో పెట్టుకునే ఏఐ పూసే చెబుతుంది. చదరంగం గ్రాండ్‌మాస్టర్ ఇమ్మానుయేలు గారి దగ్గర శిక్షణకు వచ్చేవాళ్లు మాత్రం దాన్ని గుమ్మం దగ్గరి స్టీలు డబ్బాలో వేసి లోపలికి రావాలి.

నస్రీన్‌ను చేర్చిన రోజు వాళ్లమ్మ జంకింది. "పూస లేకపోతే పిల్ల ఓడిపోద్దేమో సార్."

"ఓడిపోనియ్యమ్మా. పూస గెలిస్తే పిల్ల గెలిచినట్టా?"

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ముట్టుకున్న పావును కదపాల్సిందే. మొదట్లో నస్రీన్ పావు మీద వేలుంచి, పూస ఏమైనా చెబుతుందేమోనని తల వంచేది. చెవిలో ఏమీ వినపడేది కాదు. అప్పుడు తనే ఆలోచించుకునేది.

ఈ రోజు ఆమెతో ఆడుతూ ఆయన తన గుర్రాన్ని ముట్టుకున్నారు. అది కదిలితే వెనకున్న మంత్రి పోతుందని అప్పుడు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ముట్టుకున్నారు సార్," అంది నస్రీన్ మెల్లగా.

"ఎవరు చెప్పమన్నారు?"

ఆమె చెయ్యి ఖాళీ చెవి దాకా వెళ్లి ఆగింది.

"ఎవరూ చెప్పమనలేదు సార్. నేనే."

"భయమేసిందా?"

"వేసింది."

ఆయన గుర్రాన్ని కదిపి, తన మంత్రిని తనే తీసి ఆమె చేతిలో పెట్టారు.