ముందు పేజీలో ఎవరు?

పట్టుకున్న చేతిని బట్టి కాగితమే వరసలు సర్దుకునే రోజులొచ్చాక, రామచంద్రపురంలో శుభలేఖల ప్రెస్సు నడిపే హైమవతికి ప్రాణం హాయిగా ఉంది. కార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరే పైకొచ్చి కూర్చుంటుంది. మిగతా పేర్లు సగానికి విరగకుండా కిందికి జరిగి ఒద్దికగా సర్దుకుంటాయి. పేరు కిందపడిందని చుట్టాల అలకల్లేవు.

ఆ రోజు పెళ్లికూతురి పెదనాన్న వీర్రాజు, మేనమామ సత్తిబాబు నమూనా కార్డు చూడ్డానికొచ్చారు.

"నా పేరే ముందుంది," అన్నాడు వీర్రాజు మీసం దువ్వుతూ.

"ఏదీ, ఇలా తే బావా!" సత్తిబాబు కార్డు రెండో కొస పట్టుకున్నాడు. "అబ్బే, ముందున్నది నేను!"

"వదలరా!"

"నువ్వు వదులు!"

హైమవతి నాలుక్కరుచుకుంది. ఒకే కార్డు ఇద్దరు పట్టుకోకూడదని చెప్పడం మరిచిపోయింది. అక్షరాలు పైకీ కిందికీ పరుగులు పెట్టాయి, కాసేపు తికమకపడ్డాయి. ఆఖరికి పెద్దల పేర్లన్నీ మూకుమ్మడిగా వెనక పేజీకి వెళ్లిపోయాయి. ముందు పేజీ నిండా పెళ్లికూతురి పేరూ, పెళ్లికొడుకు పేరూ మాత్రమే మిగిలాయి.

ఇద్దరూ నోళ్లు తెరిచి చూశారు.

"ఒరేయ్ సత్తీ," అన్నాడు వీర్రాజు మెల్లిగా, "పెళ్లికొడుకు పేరు ఇదట్రా?"

"నేనూ ఇప్పుడే చూస్తున్నా బావా."