బరువైన చుక్క

లంకలు మూడోసారి మునిగిన ఏడు మా కూతురు మంగతాయి కొట్టుకుపోయింది. అప్పటికే చుక్కల ఆఫీసువాళ్లు చనిపోయిన ప్రతి ఒక్కరి పేరా ఆకాశంలో ఒక చుక్కను ఇస్తున్నారు. నాది చేపలు తూచే చెయ్యి. అన్నిటిలోకీ బరువైన చుక్కే అడిగాను.

ఈ ఏడు ఒక సాయంత్రం మా ఇంటి గోడ తెరలా వెలిగి, ఆఫీసు అమ్మాయి దాని మీద కనిపించింది.

"బాబాయిగారూ, బరువైన చుక్క తన చమురు గబగబా తాగేస్తుంది. మీది అప్పుడే ఉబ్బి ఎర్రబడింది. ఉబ్బేసరికి పైన చల్లబడింది, అందుకే అంత ఎరుపు. ఇంక ఆరిపోతుంది."

"ఆరిపోద్దనకే పిల్లా, కొండెక్కుద్దను," అంది మంచంలోంచి నా భార్య సత్తెమ్మ. ఆమె కాళ్లు పడిపోయాయి.

"దానికింకా లక్షల ఏళ్లు పడుతుందిలెండి, పిన్నిగారూ. కావాలంటే చిన్న చుక్క మార్చి ఇస్తాం. పొదుపుగా మండుతుంది, చాలాకాలం ఉంటుంది. కాకపోతే కంటికి ఆనదు."

"కంటికానని కూతుర్ని నేనేం చేసుకోనే?"

అమ్మాయి నా వంక చూసింది. మార్చొద్దన్నాను. గోడ మళ్లీ గోడైంది.

"ఎర్రగా ఎలా ఉందో ఏంటో," అంది సత్తెమ్మ.

మర్నాడు పొద్దున్నే నిచ్చెనేసుకుని, ఆమె మంచానికి పైనున్న కప్పు రేకు ఊడదీశాను.