ఇంట్లో లేరు

"పద్నాలుగో నంబరు ఇంటికి ఇక మీరు వెళ్లొద్దు బాబాయ్," అంది కన్వీనరు, చేతిలో కత్తెర పక్కన పెడుతూ.

కూర్చోబోతున్న ఫోర్‌మన్ కుర్చీ పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

ఆకు గుర్తు పార్టీకి ఆ వార్డులో ఆఫీసంటూ లేదు. కన్వీనరు దర్జీ కొట్టు వెనక గదే ఆఫీసు. ఏడు కుర్చీలు, అందులో రెండు కుంటివి. గుడ్డపీలికల మూట మీద కరపత్రాల కట్టలు. 'ఆకులకు ఓటేస్తే మేకలకే లాభం' అని ఎంతమంది ఎకసెక్కాలాడినా, అద్దకం ఫ్యాక్టరీ రంగునీళ్లు కాలవలో కలవకూడదని పట్టుబట్టింది ఈ కమిటీ ఒక్కటే. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరైన ఫోర్‌మన్ తనంతట తానే వచ్చి చేరినప్పుడు, ఏ గొట్టం ఎక్కడ తేలుతుందో తెలిసిన మనిషి దొరికాడని అందరూ సంబరపడ్డారు. కన్వీనరే అతని పేరు గుండ్రటి అక్షరాలతో బ్యాడ్జీ మీద రాసి చొక్కాకు గుచ్చింది. ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదనుకోండి. అందరికీ ఫోర్‌మనే.

ఇంటింటికీ తిరిగి ఓటడిగే పని నేర్పిందీ ఆమే. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, మనిషి పేరు, తండ్రి పేరు, పెళ్లయ్యాక మార్పించుకున్న ఆడవాళ్లకైతే భర్త పేరు, వయసు ఉంటాయి. తలుపు తీసీ తీయగానే పార్టీ ఊసెత్తకూడదు. "ఫలానా వారి అమ్మాయివి కదమ్మా" అని పలకరించాలి. కన్నవాళ్ల పేరు వింటే సగం తలుపు తెరుచుకున్నట్టే. తర్వాత ఆ ఇంటికి ఎదురుగా నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాసుకోవాలి. మనకే, మనకు కాదు, మళ్లీ రావాలి, ఇంట్లో లేరు. 'మనకు కాదు' అని రాస్తే మాత్రం ఆ గడప మళ్లీ తొక్కకూడదు. అది కమిటీ కట్టుబాటు.

ఫోర్‌మన్‌కు ఆ పలకరింపు భలే అబ్బింది. మొహం మీద తలుపులు వేసిన ఇళ్లవాళ్లు కూడా మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. ఒక్క పద్నాలుగో నంబరు తప్ప.

"పదకొండు ఆదివారాలు ఆ ఇంటికి ఎదురుగా 'ఇంట్లో లేరు' అని రాశారు," అంది కన్వీనరు. "ఆ ఇంటావిడ నిన్న ఫోన్ చేసింది. పదకొండు ఆదివారాలూ ఇంట్లోనే ఉన్నానంది. ఆ ముసలాయన్ని పంపకండి అంది."

"ఇంకేమైనా అందా?"

కన్వీనరు మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, విన్నదంతా చెప్పింది. ఏడేళ్ల కిందట ఆవిడ భర్త ఆ ఫ్యాక్టరీ మురుగుతొట్టి కడగడానికి దిగి, విషవాయువుకు ఊపిరాడక పోయాడు. విచారణలో ఒకాయన లేచి, మాస్కు ఇచ్చామనీ, కుర్రాడే పెట్టుకోలేదనీ సాక్ష్యం చెప్పాడు. నోరు లేనివాడి మీదే నేరం పడింది. ఆ సాక్ష్యం చెప్పిన మనిషే ఇప్పుడు ఆకు బ్యాడ్జీ పెట్టుకుని తన గుమ్మం ఎక్కుతున్నాడట.

"నిజమేనా బాబాయ్?"

ఫోర్‌మన్ తల దించుకున్నాడు. "నిజమేనమ్మా. స్టోరులో ఒక్క మాస్కు కూడా లేదు. ఉద్యోగం తీసేస్తామన్నారు. నాలుక మడత పడింది." కుర్చీ అంచు గోటితో గీకుతూ అన్నాడు. "ఆ కుర్రాణ్ణి పనిలో పెట్టించిందీ నేనే."

జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరుగుపట్టి ఉంది. జరిగింది జరిగినట్టు రాసి, కింద సంతకం పెట్టిన కాగితం. ప్రతి ఆదివారం దాన్ని కరపత్రంలో పెట్టి తలుపు కిందనుంచి తోసి, మెట్టు మీద నిలబడేవాడట. కాసేపటికి తలుపు జానెడు తెరుచుకునేది. తండ్రి పోయాక పుట్టిన పాప, ఆరేళ్లది, "తాతా, అమ్మ ఇచ్చేయమంది" అని కాగితం చేతిలో పెట్టి తలుపేసుకునేది. కిందటి వారం దానికి ముందుపళ్లు రెండు ఊడాయట. అది చెప్పేటప్పుడు అతని మొహం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

"ఇంకొక్క ఆదివారం వెళ్లనివ్వమ్మా."

"కొట్టిన చెయ్యే మందు రాస్తానంటే ఎవరు ఒళ్లు చూపిస్తారు బాబాయ్?" కన్వీనరు గొంతులో కోపం లేదు. "ఆ కాగితం కమిటీకి ఇవ్వండి. దాన్ని పట్టుకుని మళ్లీ విచారణ అడుగుదాం. ఆ వీధికి మాత్రం ఇకనుంచి నేను వెళ్తాను."

కాగితం వెంటనే ఇచ్చేశాడు. జాబితా ఇవ్వడానికే చెయ్యి రాలేదు. పెన్ను తీసి, పద్నాలుగో నంబరుకు ఎదురుగా వరసగా ఉన్న 'ఇంట్లో లేరు'లన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. 'మనకు కాదు' అని రాశాడు. అప్పుడు ఇచ్చాడు.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"పద్నాలుగో నంబరులో మాత్రం ఆ పలకరింపు పలకరించకమ్మా. ఆ పేరు వింటే తెరిచిన తలుపు కూడా మూసేస్తుంది."

ఎందుకంటున్నాడో అర్థం కాక కన్వీనరు జాబితా మీద వేలు పెట్టి ఆ ఇంటి వరస వెతికింది. వేలు ఆవిడ పేరు దాటి తండ్రి పేరు గడిలోకి జరిగి ఆగిపోయింది. అక్కడ ఉన్నది, ఫోర్‌మన్ బ్యాడ్జీ మీద తన చేత్తో తనే రాసిన పేరు.