రెండంగుళాల పొట్టి

వినోద వదినా,

మన సింధూజకు సూరత్‌లో చలికోటే దొరకలేదా అని ఫోన్‌ల జాలిపడ్డవు. దొరకక కాదు, పట్టక. స్కూలు వాళ్లు పిల్లలను కొండలెక్కిస్తరట. రింగ్ రోడ్డు బట్టల బజారంతా తిరిగినం. పొడుగు సరిపోయిన కోటులో దాని అసొంటోళ్లు ఇద్దరు పడతరు. నడుముకు సరిపోయినదాని చేతులు మోచేతి కాడనే ఆగినయి.

అందుకే కొలత తీసి నేనే కుట్టిన. రెండంగుళాలు పొట్టి వచ్చింది. దసరాకు అక్కడికి వచ్చినప్పుడు తీసుకున్న కొలతతో సిరిసిల్లల నువ్వు కుట్టి పంపిన కోటు మాత్రం అతికినట్టు పట్టింది. కడుపు మండింది, దాచుకోను.

"రోజూ అన్నం పెట్టేది నేను, నీ కొలత తెలిసింది మీ అమ్మమ్మకా?" అన్న.

పిల్ల నవ్వలేదు. "టేపు పట్టినప్పుడల్లా 'కరెంటు స్తంభం, ఇంకెంత పెరుగుతవే' అంటవు కద నాయనమ్మా. నీ ముందల జర వంగి నిలబడత. అమ్మమ్మ ఏమనదు."

దాని ప్యాంటు కూడ నువ్వే కుట్టు, ఇక్కడి ఉధ్నా మిల్లు బట్ట నీకు పార్శిల్ చేసిన. కొలత నన్నడగకు, నీ కొలతల చీటీల ఉన్నదే నిజం. కత్తెర పెట్టకముందు ఒకసారి తడిపి ఆరెయ్యి. ముడుచుకునే రకం.