ఎడమ వెనక మడ్‌గార్డు

"నీ బండికి సంతకం పెట్టేది నేను కాదమ్మాయ్, ఇది!" అంటూ బ్రింగాస్ మేస్త్రి జేబురుమాలు విప్పాడు. లోపల, పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం. రంగు మీద గీత పడకుండా దాన్ని మళ్లీ రుమాల్లో చుట్టాడు. "ఇనుముంటే పట్టుకుంటుంది. లప్పం పూసి మోసం చేస్తే కింద పడుతుంది. దీనికి మొహమాటం లేదు."

నైవీస్ తలూపింది. అరచేతుల చెమటను ప్యాంటుకు తుడుచుకుంది.

కమగ్వే పట్నంలోని టాక్సీల సంఘంలో ఒకే ఒక్క ఖాళీ ఉంది. సోమవారంలోగా, బండి రేకు గట్టిదని బ్రింగాస్ లాంటి పెద్ద మేస్త్రి సంతకం పెట్టిన కాగితం తీసుకెళ్తే ఆ చోటు నైవీస్‌ది. లేదంటే వరసలో తన వెనక ఉన్నవాడిది. మళ్లీ ఖాళీ ఎన్నేళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పెరట్లో, మట్టి నీళ్లబాన పక్కన, పందొమ్మిది వందల యాభై రెండు నాటి ప్లిమత్ కారు నిలబడి ఉంది. నాలుగు నెలల కిందట దాని అడుగు రేకులోంచి గడ్డి కనిపించేది. అప్పటికి నైవీస్ వెల్డింగ్ కడ్డీ చేత్తో పట్టుకుని ఎరగదు.

"వీధి వీధంతా నిన్ను తిడుతోంది. నువ్వు నిప్పురవ్వలు లేపినప్పుడల్లా టీవీలు ఆరిపోతున్నాయట!" అన్నాడు మేస్త్రి, బండి కింద దూరి అడుగు రేకు తడుముతూ. "రేకు ఎక్కడిది?"

"మా రష్యా వాషింగ్ మెషీన్‌ది, మేస్త్రీ."

"ముప్పై ఏళ్లు ఈ ఇంటి దుప్పట్లు తిప్పింది. ఒక్క మూల కూడా వదులవలేదు," వంటింటి గుమ్మంలోంచి తల్లి ఎల్పీదియా అందుకుంది. "ఇప్పుడు అన్నీ నేను చేత్తో పిండుతున్నా. కాస్త సరిగ్గా చూడండి."

"నువ్వు కాఫీ సంగతి చూడు, ఎల్పీదియా."

అయస్కాంతం అడుగు రేకుని పట్టుకుంది. ముందు మడ్‌గార్డులు రెంటినీ పట్టుకుంది. పట్టుకున్న ప్రతిసారీ 'టక్'మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు వినపడేదాకా నైవీస్ ఊపిరి బిగబట్టుకునే ఉంది.

కుడి ముందు తలుపు దగ్గర మేస్త్రి ఆగాడు. "దీన్ని ముట్టుకోలేదు కదా?"

"లేదు మేస్త్రీ. అది మీ పనేగా."

"పదిహేనేళ్లయింది మీ నాన్న చేయించి. చూడు, అద్దం!" తలుపు మీద అరచేత్తో నిమిరాడు. "తుప్పంతా కోసి కొత్త రేకు వేశాను. పనంటే అదీ." తలుపుని దాటేసి వెనక్కి నడిచాడు.

నైవీస్ అతని వెనకే వెళ్లింది. మిగిలింది ఎడమ వెనక మడ్‌గార్డు. అక్కడ ఏడుసార్లు చిల్లు పడింది. మూస్తున్నకొద్దీ పెద్దదైంది. ఎనిమిదోసారి అతుకు నిలిచింది కానీ, గతుకులు కనిపించకుండా పైన లప్పం పూసింది. పల్చగా అందరూ పూసేదే. తను పల్చగానే పూసిందా? నిన్నటి నుంచీ అదే ఆలోచన. భోజనంలో నల్ల చిక్కుడు అన్నం అలాగే మిగిలిపోయింది.

మేస్త్రి అయస్కాంతం ఆనించి చెయ్యి తీశాడు.

అది జారింది. వేలి వెడల్పు కిందికి జారి, ఆగింది. ఆగిన చోట అలాగే నిలిచిపోయింది.

నైవీస్ నీళ్లబాన అంచు పట్టుకుంది.

మేస్త్రి అయస్కాంతం ఊడదీసి, మళ్లీ పెట్టాడు. నిలిచింది. మూడోసారి పెట్టాడు. నిలిచింది. మడ్‌గార్డు లోపలికి చెయ్యి పోనిచ్చి అతుకుని గోటితో గీరి చూశాడు. అతని మొహంలో సంతోషం లేదు.

"సంతకం పెట్టను," అన్నాడు.

"ఎందుకు మేస్త్రీ? పట్టుకుందిగా!"

"పట్టుకుంది. అతుకు కోడి కెలికినట్టుంది. నాలుగు నెలల చెయ్యి అమ్మాయ్ నీది. రేపు ఎనిమిది మందిని ఎక్కించుకుని రోడ్డు మీద పోతావు, నా పేరు పెట్టుకుని. ఏడాది నా షెడ్డులో పని చెయ్యి. అప్పుడు చూద్దాం."

"ఏడాదా! ఖాళీ సోమవారం పోతుంది మేస్త్రీ!"

"పోనీ."

కాఫీ కప్పులతో వచ్చిన ఎల్పీదియా అక్కడే నిలబడిపోయింది. "సంతకం పెట్టేది మీరు కాదు, అయస్కాంతమే అన్నారుగా ఇందాక."

"అయస్కాంతానికేం తెలుసు, ఎల్పీదియా? పని సంగతి మనిషికే తెలుస్తుంది. కన్ను ఉండాలి, చెయ్యి ఉండాలి."

అతను బండి చుట్టూ తిరిగి ముందుకి వచ్చి, కాఫీ అందుకోబోతూ, చేతులు ఖాళీ చేసుకోవడానికి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ అయస్కాంతాన్ని పక్కనున్న తలుపుకి అతికించాడు.

ధబ్బుమంది.

రుమాలు మూట నేల మీద పడి ఉంది. పైన కుడి ముందు తలుపు, అద్దంలా మెరుస్తోంది.

నైవీస్ వంగి అయస్కాంతాన్ని తీసింది. దుమ్ము దులిపి తలుపుకి మెల్లగా ఆనించింది. అది ఆమె అరచేతిలోకే రాలింది. ఒక జానెడు పక్కకి పెట్టింది. మళ్లీ అరచేతిలోకే.

ఎల్పీదియా చేతిలో కాఫీ చల్లారుతోంది.

మేస్త్రి ఆ తలుపు వంక చూశాడు, నైవీస్ వంక చూశాడు, తరువాత తన బూట్ల వంక చూసుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "పెన్ను ఉందా?"