హాల్లో చోటు

“హాల్లో మంచమెందుకేస్తున్నావు ఎల్లమ్మా?” గుమ్మం బయటే నిలబడి అడిగాడు ఇంటి ఓనరు త్రినాథరావు. అయ్యప్ప మాలలో ఉన్నాడు. లోపలికి రాడు.

“మా ఆయనను దవాఖాన నుంచి తోల్కొస్తున్నరు సార్. లోపలి రూములకు గాలి రాదు.”

“డాక్టర్లు లాభం లేదన్నారటగా?”

“ఇంటికి తీస్కపొమ్మన్నరు.”

“ముందే చెబుతున్నా. ఊపిరితో వస్తే నాకేం అభ్యంతరం లేదు. బయట పోయిన మనిషిని మాత్రం గేటు దాటనివ్వను. వీధిలో టెంటు వేసుకోండి. ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ ఓనరైనా ఇదే మాటంటాడు.”

ఎల్లమ్మ కుట్టుమిషనును వంటగదిలోకి నెట్టింది. టీవీ బల్లను మూలకు జరిపింది. వాళ్ళు మిషను కుట్టుకునేదీ, అన్నం తినేదీ, పక్కలు వేసుకునేదీ ఆ హాల్లోనే. శుక్రవారం చర్చివాళ్ళతో ప్రార్థన కూడా అక్కడే. మంచాన్ని కిటికీ కిందికి లాగి, ప్రార్థనకు పరిచే జంపఖానాను మడతలేసి పరుపు మీద పరిచింది. తలదిండు సరిచేసింది.

‘రోడ్డు మీద మాత్రం పండనియ్య నిన్ను’ అనుకుంది.

గేటు ముందు అంబులెన్సు ఆగింది. కూతురు రూబీ దిగి, పరుగున వచ్చి తల్లి చెవిలో చెప్పింది.

“మూసారాంబాగ్ కాడ నాయిన పోయిండమ్మా.”

ఎల్లమ్మ మంచం కోడు పట్టుకుని, బయటున్న ఓనరుకు వినబడకుండా అంది.

“ఏడ్వకు. మాస్కు తియ్యొద్దని అంబులెన్సు అన్నకు చెప్పు. జల్ది లోపలికి తెమ్మను.”

స్ట్రెచరు గేటు దాటింది. ఎల్లమ్మ భర్త పౌలుకు మెడదాకా దుప్పటి, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. త్రినాథరావు మెడ సాచి చూశాడు.

“ఉలుకూ పలుకూ లేదేంటమ్మాయ్?”

“సూదిమందిచ్చిర్రు అంకుల్. నిద్రల ఉన్నడు.”

పౌలును మంచం మీద పడుకోబెట్టారు. త్రినాథరావుకు నమ్మకం కుదరలేదు. డ్రైవరును ఆగమని చెప్పి భార్యను పిలిచాడు.

“దుర్గా, నువ్వెళ్ళి చెయ్యి పట్టుకుని చూడు. తేడాగా ఉంటే ఇదే బండిలో వెనక్కి పంపించేద్దాం.”

విజయదుర్గ హాల్లోకి వచ్చింది. మంచం అంచున కూర్చుని, దుప్పటి కిందనుంచి పౌలు చేతిని బయటికి తీసింది. మణికట్టు పట్టుకుంది. నాడి కోసం వేళ్ళు జరిపి జరిపి వెతికింది. రూబీ నోట్లో చున్నీ కుక్కుకుంది.

“అమ్మా...” ఎల్లమ్మ రెండు చేతులూ జోడించింది. “గీ ఒక్క రాత్రి. ఆయన ఇంట్ల...”

విజయదుర్గ ఆమెకేసి చూడలేదు. ఆ చేతిని మెల్లగా దుప్పటి కింద పెట్టి, లేచి గుమ్మం దగ్గరికి నడిచింది.

“ఏమైంది? ఉన్నాడా, లేడా?” బయటినుంచి గద్దించాడు త్రినాథరావు.

“మంచినీళ్ళడుగుతున్నాడండీ. బండిని పంపించెయ్యండి.”